బ్యాంకు ఫైలు మీ బల్ల మీదికి ఎలా రావాలి, వచ్చాక ఎలా చదవాలి

గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ గవర్నర్‌పేటలోనో సీనియర్ దగ్గర మూడు నాలుగేళ్లు తిరిగిన జూనియర్లు నా దగ్గరికొచ్చి అడిగేది దాదాపు ఒకటే. "సార్, బ్యాంకు ప్యానెల్లో పేరెలా ఎక్కుతుంది?" అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాక దానికి ఇంకోటి తోడైంది. "ప్రాజెక్టు ఫైనాన్స్ పని మనకు దొరుకుతుందా, అదంతా ముంబై, ఢిల్లీ ఫర్మ్‌లకేనా?"

ప్యానెల్ అంటే బ్యాంకు తన పని అప్పగించే లాయర్ల జాబితా. ప్రాజెక్టు ఫైనాన్స్ అంటే పెద్ద కట్టడాలకు, వాటి రాబడి నుంచే తీరేలా ఇచ్చే అప్పు. రెండింటికీ నా జవాబు ఒకే చోట మొదలవుతుంది. భూమి కాగితం చదవడం వచ్చినవాడికి రెండూ దొరుకుతాయి. అది రానివాడికి ప్యానెల్లో పేరు ఎక్కినా నిలవదు. అందుకే ఏం చేయాలో వరుసగా చెబుతాను.

పని ఎక్కడుందో ముందు చూసుకోండి

మన రెండు ఊళ్లలో బ్యాంకు అప్పు అంటే ఇళ్లు, అపార్టుమెంట్లు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్ మిల్లులు, ఆటోనగర్ షెడ్లు, ఆసుపత్రులు, కాలేజీలు. వీటిలో ప్రతిదానికీ ఒక లీగల్ ఒపీనియన్ (ఆ ఆస్తి మీద హక్కు సరిగ్గా ఉందో లేదో లాయరు రాసిచ్చేది) కావాలి, తాకట్టు పత్రాలు కావాలి, బాకీ పడితే వసూలు పని ఉంటుంది. ఒపీనియన్లు సంఖ్యలో ఎక్కువ, ఫీజు తక్కువ. పైకి వెళ్లేకొద్దీ ఫైళ్లు తగ్గుతాయి, ఒక్కో ఫైలు బరువు పెరుగుతుంది. కింద నేర్చుకోకుండా పైకి వెళ్లిన వాళ్లను నేను చూడలేదు.

ఒపీనియన్ ఫీజు బ్యాంకు షెడ్యూలు ప్రకారం వస్తుంది కానీ, చాలాసార్లు ఆ డబ్బు కట్టేది అప్పు తీసుకునేవాడే. అందుకే అతను మిమ్మల్ని తన లాయరు అనుకుంటాడు. ఇంటికి పిలుస్తాడు, "మీరే చూసుకోవాలి సార్" అంటాడు. మీరు బ్యాంకుకు సలహా చెప్పే మనిషి అని మొదటి రోజే, మర్యాదగా, స్పష్టంగా చెప్పండి. ఆ ఒక్క మాట తర్వాత ఎన్నో ఇబ్బందులు తప్పిస్తుంది.

ప్యానెల్‌కు దారి

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది మనల్ని ప్రకటనలు వేసుకోనివ్వదు, పని అడుక్కుంటూ తిరగనివ్వదు. కాబట్టి బ్యాంకు పిలిచినప్పుడు అర్హతతో సిద్ధంగా ఉండటమే దారి. జోనల్ లేదా రీజనల్ ఆఫీసులు దరఖాస్తులు పిలుస్తాయి. ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్, ఆలిండియా బార్ పరీక్ష సర్టిఫికెట్, పాన్, ఐటీ రిటర్నులు, నడిపిన కేసుల జాబితా అడుగుతారు. ఇన్నేళ్ల ప్రాక్టీసు ఉండాలని ఒక్కో బ్యాంకు ఒక్కోలా షరతు పెడుతుంది.

ఆ ఏళ్లు నిండేదాకా ఊరికే కూర్చోకండి. ప్యానెల్లో ఉన్న సీనియర్ దగ్గర చేరి ఆయన ఒపీనియన్ల చిత్తు ప్రతులు రాయండి. అర్బన్ కోఆపరేటివ్ బ్యాంకులు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు కొత్తవాళ్లకు కాస్త తొందరగా తలుపు తీస్తాయి. ఇంకో దారి కూడా ఉంది. దావా వేయకుండానే తాకట్టు ఆస్తిని పట్టుకుని బాకీ రాబట్టుకునే అధికారం బ్యాంకుకు ఇచ్చేది సర్ఫేసీ చట్టం. దాని 14వ సెక్షన్ కింద ఆస్తి స్వాధీనం చేసుకోవడానికి అడ్వకేట్ కమిషనర్‌ను వేయవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వారెంటు పట్టుకుని ఒక్కసారి వెళ్లి తాళం వేసి వచ్చినవాడికి, తాకట్టు పత్రంలో సరిహద్దులు తప్పు పడితే ఏమవుతుందో జన్మలో మరిచిపోలేని విధంగా తెలుస్తుంది.

ఫైలు విప్పి చదవడం

దీని మీద ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన పరువంతా ఇక్కడే ఉంది.

మొదట ఒక తెల్ల కాగితం తీసుకుని హక్కు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో బొమ్మలా గీసుకోండి. బ్యాంకులు ఎక్కువగా 30 ఏళ్ల చరిత్ర అడుగుతాయి. పాత అలవాటుతో 13 ఏళ్ల ఈసీతో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) సరిపెట్టే ఫైళ్లు ఇప్పటికీ వస్తుంటాయి, వాటిని వెనక్కి పంపండి. ఆ కాగితం మీద ప్రతి బాణానికీ పక్కన దస్తావేజు నంబరు, సంవత్సరం, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు రాయండి. నంబరు రాయలేని బాణం ఉందంటే మీ ప్రశ్న అక్కడుంది.

తర్వాత ఈసీ. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించుకోవాలి. ఈసీని సర్వే నంబరు మీద ఒకసారి, డోర్ నంబరు మీద ఒకసారి, మనిషి పేరు మీద ఒకసారి తీయించండి. డాక్యుమెంటు రైటరు ఒక్క అంకె తప్పు రాస్తే ఆ లావాదేవీ మీ ఈసీలో కనబడదు. ఈసీలో ఏం ఉండదో కూడా గుర్తుంచుకోండి. నోటి మాట పంపకం ఉండదు, రిజిస్టరు కాని వీలునామా ఉండదు, మెమోరాండం (పత్రాలు అప్పగించినట్టు రాసుకునే కాగితం) రిజిస్టరు చేయించకుండా వేరే బ్యాంకులో పెట్టిన టైటిల్ డీడ్స్, అంటే హక్కు పత్రాల తాకట్టు ఉండదు, కోర్టులో నడుస్తున్న దావా ఉండదు. "ఈసీ క్లియర్" అన్న మాట చాలని రాసిన ఒపీనియన్ సగం పనే.

అప్పు తీసుకునేవాడు ఇచ్చిన ఒరిజినల్‌ను కళ్లతో చూసి నమ్మవద్దు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తెప్పించి రెండింటినీ పక్కపక్కన పెట్టండి. స్టాంపు కాగితం వెనక అమ్మిన తేదీ, కొన్నవాడి పేరు, సాక్షుల సంతకాలు, వేలిముద్రలు, పేజీకి పేజీ పోల్చండి. మంచి కలర్ జిరాక్సు మీద రబ్బరు స్టాంపు కొట్టి ఒరిజినల్ అని తెచ్చేవాళ్లున్నారు. సర్టిఫైడ్ కాపీకి పెట్టే ఖర్చు చూసి వెనకాడకండి.

ఇక రెవెన్యూ వైపు. అడంగల్, 1బీ అందరూ చూస్తారు. మీరు ఆర్‌ఎస్‌ఆర్ (పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) కూడా చూడండి. పట్టాదారు పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూములు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. ఆ చుక్కల భూముల కోసమే 2017లో చట్టం చేశారు. డీ-పట్టా (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమి పట్టా) కనబడితే 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం గుర్తుకు రావాలి. 2023లో 20 ఏళ్లు దాటినవాటికి షరతులతో సవరణ వచ్చింది. కానీ ఫ్రీహోల్డ్ (బదిలీ నిషేధం తీసేసిన భూమి) అన్న మాట కాగితం మీద కనబడగానే ఆగిపోకండి, రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ నిషేధిత జాబితాలో ఆ నంబరు ఇంకా ఉందో లేదో స్వయంగా చూడండి. రీసర్వే అయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు పోయి ఎల్‌పీ (లాండ్ పార్సెల్) నంబరు వచ్చింది. రెండింటినీ కలిపే పట్టిక తెప్పించి ఒపీనియన్లో రెండూ రాయండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా, నరసరావుపేట భూమి పాత దస్తావేజులో గుంటూరు జిల్లా అని ఉంటుంది, ఇప్పుడది పల్నాడు. షెడ్యూలులో "పూర్వపు గుంటూరు జిల్లా, ప్రస్తుత పల్నాడు జిల్లా" అని పూర్తిగా రాస్తే రేపు వేలం ప్రకటనలో గందరగోళం ఉండదు.

అన్నిటికంటే ఎక్కువ ఫైళ్లు చిక్కుకునేది కుటుంబం దగ్గర. నా సొంత ఫైలు ఒకటి చెబుతాను. ఒక మిల్లు కోసం రెండెకరాల పిత్రార్జితం తాకట్టు. 1991 నాటి రిజిస్టరు పంపకం దస్తావేజు, తండ్రి, ఇద్దరు కొడుకులు. లింకులన్నీ కుదిరాయి, ఈసీలో మచ్చ లేదు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో మాత్రం నాలుగో పేరు ఉంది, కూతురు. "ఆవిడకు పెళ్లప్పుడే ఇచ్చేశాం సార్, పసుపు కుంకుమ కింద" అన్నారు పెద్దాయన. పెళ్లి ఎప్పుడు అని అడిగాను. ఎవరూ తేదీ చెప్పలేకపోయారు. చివరికి ఇంట్లో ట్రంకు పెట్టెలోంచి శుభలేఖ తెచ్చారు. పసుపు మరక ఆరిపోయి అంచులు చిరిగిన కాగితం. 1988 మే.

ఆ తేదీతో మొత్తం మారిపోయింది. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలైంది. ఆ రోజుకు పెళ్లి కాని కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా జన్మహక్కు వచ్చింది. దేశమంతా 2005లో వచ్చిన హక్కు మన ఆడపిల్లలకు ఇరవై ఏళ్ల ముందే ఉంది. ఆవిడ సంతకం లేని 1991 పంపకాన్ని నమ్మి బ్యాంకు అప్పిస్తే, రేపు ఆవిడ వాటా దావా వేయవచ్చు. అది మార్చి నెలాఖరు. బ్రాంచి నుంచి రోజుకు రెండు ఫోన్లు. ఆవిడతో హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించి, ఆవిడను కూడా హామీదారుగా చేర్చుకుంటే తప్ప తాకట్టు తీసుకోవద్దని రాసి పంపాను. అన్నదమ్ములు చెల్లెలితో కూర్చుని మాట్లాడుకున్నారు, ఆవిడకు ఇవ్వాల్సింది ఇచ్చారు, ఏప్రిల్లో సంతకం అయింది. అప్పు ఒక నెల ఆలస్యంగా వచ్చింది, అంతే. ఆనాటి నుంచి పిత్రార్జితం ఫైలు ఏది వచ్చినా, ఆడపిల్లల పెళ్లి తేదీలు రుజువుతో సహా అడిగే కాలమ్ ఒకటి నా ఫారంలో పెట్టాను. మీరూ పెట్టుకోండి.

ఒపీనియన్ రాయడం

చదివింది చదివినట్టు రాయండి. ఏ కాగితం ఒరిజినల్ చూశారు, ఏది నకలు చూశారు, ఏది అసలు చూడలేదు, వేరువేరుగా రాయండి. చివరి పేరాలో మూడింటిలో ఒకటే ఉండాలి: తీసుకోవచ్చు, ఫలానా షరతులు తీరాక తీసుకోవచ్చు, తీసుకోవద్దు. "బ్యాంకు తన విచక్షణ మేరకు" అని జారుకునే వాక్యం రాయకండి. బ్రాంచి మేనేజరుకు అది ఏ రకంగానూ ఉపయోగపడదు.

భయపడి ప్రతిదానికీ వద్దని రాసేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఒక తీర్పు చెబుతాను. హైదరాబాద్‌లో ఇళ్ల అప్పుల మోసం కేసులో ఒపీనియన్ ఇచ్చిన ప్యానెల్ అడ్వకేటును కూడా సీబీఐ నిందితుడిగా చేర్చింది. 2012లో సుప్రీంకోర్టు ఆయన మీద కేసు కొట్టేసింది. మోసగాళ్లతో చేతులు కలిపినట్టు ఆధారం ఉండాలి గానీ, ఒపీనియన్ తప్పు అయినంత మాత్రాన కుట్రదారు కాడని చెప్పింది. అయితే నిర్లక్ష్యానికి వృత్తిపరమైన బాధ్యత తప్పదని కూడా అదే తీర్పులో ఉంది. జాగ్రత్తగా చదివి, చూసింది నిజాయితీగా రాసినవాడికి ఆ తీర్పు అండ.

తాకట్టు పత్రాలు

మన దగ్గర ఎక్కువగా జరిగేది టైటిల్ డీడ్స్ డిపాజిట్ తాకట్టు, ఆస్తి బదిలీ చట్టం 58(ఎఫ్). భూమి ఎక్కడున్నా ఫరవాలేదు గానీ, పత్రాలు అప్పగించే చోటు ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణం అయి ఉండాలి. పల్లెటూరి బ్రాంచిలో కూర్చుని సంతకాలు కానిచ్చేయకండి. యజమాని స్వయంగా వచ్చి, తన చేత్తో, అప్పుకు హామీగా ఇస్తున్నానని చెప్పి పత్రాలు అప్పగించాలి. మెమోరాండంలో వాటి జాబితా వరసగా, ఒరిజినలా నకలా అన్నది సహా ఉండాలి. రిజిస్టరు చేయిస్తే ఈసీలో ఎక్కుతుంది, తర్వాత వచ్చేవాడికి తెలుస్తుంది. అప్పు తీసుకునేది కంపెనీ అయితే 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర సీహెచ్‌జీ-1 (తాకట్టు నమోదు ఫారం) దాఖలు కావాలి, లేకపోతే కంపెనీ మూతపడినప్పుడు ఆస్తులు అమ్మి బాకీలు తీర్చే లిక్విడేటరు ఆ తాకట్టును లెక్కలోకి తీసుకోడు. సెర్సాయిలో (తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ) నమోదు కూడా తాకట్టు అయిన వారంలోనే చేయించండి. 2020 జనవరి 24 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం ఆ నమోదు లేని బ్యాంకు సర్ఫేసీ అధికారం వాడలేదు.

కోల్డ్ స్టోరేజీ, మిల్లు ఫైళ్లలో ఇంకో సంగతి. సర్ఫేసీ 31(ఐ) ప్రకారం వ్యవసాయ భూమికి ఆ చట్టం వర్తించదు. షెడ్డు లేచినా అడంగల్‌లో ఇంకా మెట్ట అనే ఉంటే, బాకీ పడ్డ రోజున అతను "ఇది పొలం" అంటాడు. రికార్డులో రాసి ఉంటే చాలదు, నిజంగా సేద్యం జరుగుతోందని అప్పుదారే రుజువు చేయాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆ వాదన దాకా ఎందుకు? డబ్బు విడుదలయ్యే లోపే ఆ భూమి వ్యవసాయేతర వినియోగంలో ఉందని చూపే కాగితం ఫైల్లో పెట్టించండి.

వసూలు గురించి క్లుప్తంగా. సర్ఫేసీ కింద బాకీ కట్టమని 13(2) నోటీసు, 60 రోజుల గడువు, అభ్యంతరం వస్తే దానికి 15 రోజుల్లో జవాబు, ఆ తర్వాతే 13(4) కింద ఆస్తి స్వాధీనం. ఎక్కువ కేసులు పోయేది ఆ జవాబు ఇవ్వకపోవడం వల్లా, నోటీసు సరిగ్గా అందినట్టు రుజువు లేకపోవడం వల్లా. అప్పుదారుకు 45 రోజుల్లో డీఆర్‌టీకి (బ్యాంకు బాకీల ట్రిబ్యునల్) వెళ్లే హక్కుంది. మనకది విశాఖపట్నంలో ఉంది, వాయిదాలకు తిరిగే ఓపిక ఉంటేనే ఆ పని ఒప్పుకోండి.

ప్రాజెక్టు ఫైనాన్స్‌లో మన పాత్ర

అమరావతి పేరు చెప్పగానే జూనియర్ల కళ్లు మెరుస్తాయి. నిజమే, పెద్ద మొత్తాలు. 2024 డిసెంబర్‌లో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఏడీబీ (ఆసియా అభివృద్ధి బ్యాంకు) దాదాపు అంతే ఆమోదించాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ హడ్కో 11,000 కోట్ల రూపాయలకు ఒప్పుకుంది. ఈ అప్పుల ఒప్పందాలు మన బల్ల మీదికి రావు. వాటి వెనకే వచ్చే కాంట్రాక్టర్ల బ్యాంకు గ్యారంటీలు, కేటాయించిన స్థలాల్లో ఆసుపత్రులు, హోటళ్లు, యూనివర్సిటీలు తీసుకునే అప్పులు, ఇవి వస్తాయి.

పెద్ద అప్పులో అప్పిచ్చేవాళ్ల తరఫున మహానగరం నుంచి ఒక ఫర్మ్ లెండర్స్ లీగల్ కౌన్సెల్‌గా ఉంటుంది. కామన్ లోన్ అగ్రిమెంటు, రాబడి అంతా ముందు జమయ్యే ట్రస్ట్ అండ్ రిటెన్షన్ అకౌంటు ఒప్పందం వాళ్లు రాస్తారు. వాళ్లకు తెలియనిది మన భూమి. సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పూలింగ్ కోసం రైతుతో రాయించుకునే 9.14 ఒప్పందం ఏమిటో, లాండ్ పూలింగ్‌లో తిరిగి ఇచ్చిన ప్లాటు అసలు ఏ రైతు ఏ సర్వే నంబరుకు బదులు వచ్చిందో, స్టాంపు డ్యూటీ ఇక్కడెంతో చెప్పగలిగినవాడు కావాలి. లోకల్ కౌన్సెల్ అంటే అదే. ఆ పని అడిగినప్పుడు ఇంగ్లిషులో నాలుగు పేజీల్లో, తేదీలతో, తడబాటు లేకుండా రాసివ్వగలగాలి.

రిజర్వు బ్యాంకు 2025 జూన్ 19న ప్రాజెక్టు ఫైనాన్స్ మీద కొత్త నిబంధనలు ఇచ్చి అక్టోబర్ 1 నుంచి అమలు చేసింది. వాటిని పూర్తిగా చదవండి. తిరిగి కట్టే డబ్బులో కనీసం 51 శాతం ఆ ప్రాజెక్టు రాబడి నుంచే రావాలన్నది ప్రాజెక్టు ఫైనాన్స్ నిర్వచనంలోనే ఉంది. మనకు ముఖ్యమైంది ఇంకోటి: డబ్బు విడుదల చేసే ముందు, ప్రభుత్వ భాగస్వామ్యంతో కట్టే మౌలిక వసతుల ప్రాజెక్టుకు కనీసం 50 శాతం భూమి చేతిలో ఉండాలి, మిగతావాటికి 75 శాతం, ట్రాన్స్‌మిషన్ లైన్లకు మాత్రం బ్యాంకు నిర్ణయం. ఆ శాతాన్ని లెక్కగట్టేది ఎవరు? ఏ ఎకరం నిజంగా చేతిలో ఉంది, ఏది ఒప్పందం దశలో ఉంది, దేని మీద కోర్టు స్టే ఉంది అని పట్టిక వేసి ఇవ్వాల్సింది లాయరే. రెండెకరాల మిల్లు ఫైల్లో చేసిన పనే ఇక్కడ రెండు వందల ఎకరాలకు చేస్తారు.

కేటాయింపు భూముల్లో ఒక జాగ్రత్త. ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ) ప్లాటు గానీ, సీఆర్‌డీఏ కేటాయింపు గానీ, తాకట్టు పెట్టుకోవడానికి ఆ సంస్థ రాతపూర్వక అనుమతి ఉందా, ఫలానా తేదీలోగా కట్టకపోతే వెనక్కి తీసుకునే షరతు ఉందా చూడండి. అనుమతి లేఖలో అప్పిచ్చే బ్యాంకు పేరు స్పష్టంగా ఉండాలి. ఆ షరతు వాడే ముందు బ్యాంకుకు నోటీసు ఇచ్చి సరిదిద్దుకునే గడువు ఇస్తామని ఆ సంస్థతో రాయించుకోగలిగితే, మీరు ఆ ఫైలుకు పెద్ద మేలు చేసినట్టు.

ఫైలు పంపాక

ఒపీనియన్ పంపేసి మరిచిపోకండి. 5 కోట్లు, ఆపైన అప్పుల్లో టైటిల్ పత్రాలను అప్పు తీరేదాకా మళ్లీ మళ్లీ లీగల్ ఆడిట్ చేయించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ ఆడిట్‌కు ఇంకో అడ్వకేటు వస్తాడు, మీరు రాసింది ఆయన చదువుతాడు. కాబట్టి చూసిన ప్రతి కాగితం నకలు, ఈసీ తీసిన రోజు రశీదు, నిషేధిత జాబితా చూసిన రోజు తేదీతో ప్రింటు, మీ చిత్తు బాణాల కాగితం, అన్నీ ఒక అట్టలో కట్టి, పైన బ్యాంకు పేరు, అప్పుదారు పేరు, సర్వే నంబరు, ఎల్‌పీ నంబరు రాసి బీరువాలో పెట్టండి. పదేళ్ల తర్వాత ఆ నంబరు మీద ఫోను వస్తే అయిదు నిమిషాల్లో అట్ట బయటికి తీయగలగాలి.